రాకెట్ ఎగరెయ్యాలంటే 51 ఎకరాలు కావాలి!

దీపావళి రాత్రి తారాజువ్వని సీసాలో పెట్టి, వత్తి అంటించి, వెనక్కి పరుగెత్తని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. అది జుయ్యిమని పైకి వెళ్లి, నాలుగు రంగులు చల్లేదాకానే మన ఆసక్తి. ఆ తర్వాత దాని పుల్ల ఎవరి డాబా మీద పడిందో ఎవరికీ పట్టదు.

ఇప్పుడు ఆ తారాజువ్వ మీ అంత ఎత్తు ఉందనుకోండి. బరువు 3 కిలోలు. వేగం గంటకు 300 కిలోమీటర్లు. అప్పుడు కూడా పుల్ల ఎక్కడ పడిందో మనకెందుకులే అనుకోగలమా?

అనుకోలేం. అందుకే దానికో పద్ధతి పుట్టింది. లెక్కలు, పరీక్షలు, సర్టిఫికెట్లు, సంతకాలు అన్నీ ఉన్న ఈ హాబీ పేరు హై పవర్ రాకెట్రీ. అమెరికాలో ఐటీ ఉద్యోగులు, టీచర్లు, రిటైరైన పెద్దవాళ్లు వారాంతాల్లో ఎడారుల్లోకి, ఎండిపోయిన సరస్సుల్లోకి వెళ్లి మరీ వీటిని ఎగరేస్తారు. రాకెట్ కిట్ కొంటారు, ఇంట్లో నెలల తరబడి కడతారు, ఎగరేస్తారు, పారాచూట్‌తో దింపుకుంటారు, మళ్లీ ఎగరేస్తారు.

మరి నల్గొండ చెలకలోనో, పాలమూరు గుట్టల మధ్యనో ఇలాంటిది ఎగరెయ్యొచ్చా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఆ రాకెట్‌లో ఏముందో చూడాలి.

అక్షరం మారితే బలం డబుల్

మోడల్ రాకెట్ మోటార్లకి ఇంగ్లిష్ అక్షరాలతో పేర్లు పెట్టారు. ఎ, బి, సి, డి.. అలా. ఒక్కో అక్షరం ముందుకి జరిగితే మోటార్ ఇవ్వగలిగే మొత్తం తోపు గరిష్ఠంగా రెట్టింపు అవుతుంది. ఈ తోపుని న్యూటన్-సెకన్లలో కొలుస్తారు. లెక్క సింపుల్: ఎంత బలంతో తోసింది, ఎన్ని సెకన్లు తోసింది, రెండూ గుణించడమే.

ఎ మోటార్ గరిష్ఠం 2.5 న్యూటన్-సెకన్లు. బి అంటే 5, సి అంటే 10. అలా జి దగ్గరికి వచ్చేసరికి 160. ఇక్కడిదాకా మామూలు మోడల్ రాకెట్లే. 160 దాటితే హెచ్ మొదలవుతుంది. హై పవర్ తలుపు తెరుచుకునేది అక్కడే. హెచ్ హద్దు 320, ఐ హద్దు 640, జె హద్దు 1280. ఎం దాకా వెళ్తే 10,240. అంటే బడిపిల్లలు వాడే ఎ మోటార్‌కి 4,096 రెట్లు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఈ అంకె చూడగానే నవ్వొస్తుంది. రెండుని పన్నెండు సార్లు గుణిస్తే వచ్చేది అదే కదా.

అక్షరం ఒక్కటే కాదు, బరువుకీ లెక్క ఉంది. రాకెట్ మొత్తం బరువు 1500 గ్రాములు దాటినా, అందులో ఇంధనం 125 గ్రాములు దాటినా అది హై పవర్ కిందే లెక్క. 18 ఏళ్లు నిండి, సర్టిఫికెట్ ఉంటేనే ఆ మోటార్ చేతికిస్తారు.

చెప్పుల షాపు ఓనర్ ఐడియా

ఈ హాబీ మొదలైన కథ తెలిస్తే ఇన్ని రూల్స్ ఎందుకో అర్థమవుతుంది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్లో ఆర్విల్ కార్లైల్‌కి చెప్పుల షాపు ఉండేది. ఆయనకి బాణసంచా అంటే సరదా. సోదరుడు రాబర్ట్‌కి మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరి ఇష్టాలూ కలిపి 1954లో ఆర్విల్ ఒక చిన్న రాకెట్ తయారుచేశారు. మోటార్ కాలిపోతే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. రాకెట్ పారాచూట్‌తో దిగుతుంది. మళ్లీ ఎగురుతుంది.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపింది. ఆ దెబ్బతో అమెరికా పిల్లలకి రాకెట్ పిచ్చి పట్టింది. పైపు ముక్కల్లో దొరికిన రసాయనాలన్నీ కూరి పేల్చడం మొదలుపెట్టారు. వేళ్లు పోయినవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. స్పుత్నిక్‌కి ముందే జి. హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజినీర్ ఇలాంటి ప్రమాదాల గురించి పత్రికలో రాస్తే, అది చదివిన కార్లైల్ తన రాకెట్‌ని ఆయనకి పంపారు. పిల్లలు ఇంధనం కలపాల్సిన పనే లేకుండా, ఫ్యాక్టరీలో తయారైన మోటార్ అమ్మాలన్నది వాళ్ల ఆలోచన. తర్వాత వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లని వరసగా తయారుచేసే యంత్రం కట్టారు. దానికి మేబెల్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

అంటే ఈ హాబీ పుట్టిందే పిల్లల వేళ్లు కాపాడటానికి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన ఊరి సంగతికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

పెట్టె విప్పితే ఏముంటుంది?

4 అంగుళాల మందం, 5 నుంచి 6 అడుగుల ఎత్తు ఉండే కిట్ తీసుకుందాం. మొదటిసారి హై పవర్‌లోకి వచ్చేవాళ్లు ఎక్కువగా ఇలాంటి సైజుతోనే మొదలుపెడతారు. పెట్టెలో దళసరి అట్ట గొట్టాలు, ప్లాస్టిక్ ముక్కు, ప్లైవుడ్ రెక్కలు, గుండ్రటి ప్లైవుడ్ రింగులు, పొడవాటి పట్టీ తాడు, పారాచూట్ ఉంటాయి. వేగం ఇంకా ఎక్కువ కావాలంటే ఫైబర్‌గ్లాస్ గొట్టాలు వాడతారు.

పని మోటార్ గొట్టం దగ్గర మొదలవుతుంది. పెద్ద గొట్టం లోపల చిన్న గొట్టం సరిగ్గా మధ్యలో నిలబడాలి. అందుకే ఆ ప్లైవుడ్ రింగులు. రెక్కల్ని బయట అంటించి వదిలెయ్యరు. పెద్ద గొట్టానికి గాడి కోసి, రెక్క అంచు లోపలి మోటార్ గొట్టానికి తగిలేదాకా దూర్చి, లోపల ఒకసారి, బయట ఒకసారి ఎపాక్సీతో అతికిస్తారు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో గాలి రెక్కని జెండాలా అల్లాడించాలని చూస్తుంది. పైపైన అంటించిన రెక్క ఊడిపోతుంది. ఒక్క రెక్క ఊడితే చాలు, రాకెట్ గాల్లోనే మెలికలు తిరిగి ముక్కలైపోతుంది.

ఎపాక్సీతో తొందర పనికిరాదు. ఒక రెక్క అతికించాలి, అది గట్టిపడేదాకా ఆగాలి, తిప్పాలి, ఇంకోటి అతికించాలి. మూడు రెక్కలైతే మధ్య కోణం 120 డిగ్రీలు ఉండాలి. రీల్స్‌లో 30 సెకన్లలో అయిపోయే ఈ పనికి నిజంగా చేస్తే వారాలు పడుతుంది.

బాణం చెప్పే పాఠం

రాకెట్ తిన్నగా ఎందుకు వెళ్తుంది? బాణం తిన్నగా వెళ్లినట్టే. బాణానికి ముందు బరువైన మొన, వెనక ఈకలు. రాకెట్‌లోనూ రెండు బిందువులు చూడాలి. ఒకటి బరువు కేంద్రం. రాకెట్‌ని వేలి మీద అడ్డంగా పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడే చోటు. రెండోది గాలి ఒత్తిడి కేంద్రం. పక్క నుంచి గాలి తోస్తే ఆ తోపంతా కలిసి పనిచేసినట్టు ఉండే చోటు.

బరువు కేంద్రం ఎప్పుడూ ముందు, అంటే ముక్కు వైపు ఉండాలి. రెండింటి మధ్య దూరం కనీసం రాకెట్ మందమంత ఉండాలన్నది అందరూ పాటించే సూత్రం. 4 అంగుళాల రాకెట్ అయితే కనీసం 4 అంగుళాలు. అప్పుడు గాలికి రాకెట్ కాస్త ఒరిగినా రెక్కలు దాన్ని మళ్లీ దారిలో పెడతాయి. వెనక మోటార్ బరువు ఎక్కువైతే ముక్కులో బరువు కలపాలి. తారాజువ్వకి పొడుగు పుల్ల ఉండేది కూడా ఇలాంటి నిలకడ కోసమే. పుల్ల విరిచేసి వెలిగిస్తే ఏమవుతుందో ఇక్కడ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు!

ఈ లెక్కలన్నీ చెయ్యడానికి ఓపెన్ రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫిన్లాండ్‌లో శాంపో నిస్కానెన్ అనే విద్యార్థి మాస్టర్స్ థీసిస్ కోసం దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. లాప్‌టాప్ ఉంటే చాలు, రాకెట్ గీసి, మోటార్ ఎంచుకుని, ఎంత ఎత్తు వెళ్తుందో, గాలి వీస్తే ఎటు పోతుందో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

మోటార్ అంటే బోరు మోటార్ కాదు

నల్గొండలో మోటార్ అంటే అందరికీ గుర్తొచ్చేది బోరు మోటారే. రాకెట్ మోటార్‌లో తిరిగేది ఏదీ ఉండదు. ఒక అల్యూమినియం గొట్టం, అందులో రబ్బరులా ఉండే ఇంధనపు దిమ్మెలు, వెనక సన్నటి నాజిల్. అంతే. ఇంధనంలో అమ్మోనియం పెర్‌క్లోరేట్ ఆక్సిజన్ ఇస్తుంది. హెచ్‌టీపీబీ అనే రబ్బరు పదార్థం అన్నిటినీ పట్టి ఉంచుతుంది, తనూ కాలుతుంది. చాలా రకాల్లో అల్యూమినియం పొడి కూడా ఉంటుంది. మన పీఎస్ఎల్‌వీ మొదటి దశలో మండేది కూడా ఈ కుటుంబానికి చెందిన ఇంధనమే.

ఇక్కడే మన జిల్లా కథలోకి వస్తుంది. యాదగిరిగుట్ట దగ్గర పెద్దకందుకూరులో ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ ఫ్యాక్టరీ ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయేదాకా అది నల్గొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. 1980లో మొదలైన ఈ కంపెనీ గనులకి కావాల్సిన పేలుడు పదార్థాలతో పాటు ఆకాశ్, అస్త్ర లాంటి క్షిపణులకి ఘన ఇంధనం కూడా తయారుచేస్తుంది. నర్సన్న దర్శనానికి గుట్టకి వెళ్లే భక్తుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! అమెరికాలో హాబీ రాకెట్‌లో మండే ఇంధనానికి దగ్గరి చుట్టం లాంటిది మన గుట్ట పక్కనే, లైసెన్సులు, కాపలాలు, కట్టుదిట్టాల మధ్య తయారవుతోంది.

ఇప్పుడు మన 3 కిలోల రాకెట్‌లో 300 న్యూటన్-సెకన్ల హెచ్ మోటార్ పెడదాం. 200 న్యూటన్ల బలంతో ఒకటిన్నర సెకను మండుతుంది అనుకుందాం. రాకెట్ బరువు సుమారు 30 న్యూటన్లు. అంటే తోపు బరువుకి ఆరు రెట్ల పైనే. కనీసం ఐదు రెట్లు ఉండాలని క్లబ్బుల్లో పెద్దలు చెప్తారు. 2 మీటర్ల రైలు మీద నుంచి జారి బయటికి వచ్చేసరికి వేగం సెకనుకి 15 మీటర్లు. రెక్కలు పట్టు దొరకబుచ్చుకోవడానికి ఆ మాత్రం వేగం కావాలి. మోటార్ ఆరిపోయేసరికి సెకనుకి 85 మీటర్లు, అంటే గంటకు 300 కిలోమీటర్లు. గాలి రాపిడి లేకపోతే 400 మీటర్లు దాటుతుంది. రాపిడితో కలిపి 300 మీటర్ల పైమాట.

ఒకటిన్నర సెకను. మోటార్ పని అంతే. మిగతా ప్రయాణమంతా రాకెట్ ఊపు మీదే సాగుతుంది, ఆ తర్వాత కిందికి రావడమే.

అసలు పరీక్ష దిగేటప్పుడే

పారాచూట్ తెరుచుకోకపోతే ఏమవుతుంది? ముక్కు కిందికి పెట్టి బాణంలా దిగుతుంది. 3 కిలోల వస్తువు సెకనుకి 70 మీటర్ల వేగంతో నేలని తాకితే ఆ శక్తి 7,000 జౌల్స్ దాటుతుంది. ఇద్దరు ఎక్కిన బైక్ గంటకు 25, 30 కిలోమీటర్ల వేగంతో గుద్దినట్టు. తేడా ఏంటంటే, ఇక్కడ ఆ దెబ్బంతా రూపాయి బిళ్లంత ముక్కు మొన మీదే ఉంటుంది. అందుకే హై పవర్‌లో మొదటి సర్టిఫికెట్‌కి ఎంత ఎత్తు వెళ్లిందన్నది లెక్కలోకి రాదు. సొంతంగా కట్టిన రాకెట్‌ని హెచ్ లేదా ఐ మోటార్‌తో ఎగరేసి, మళ్లీ ఎగరెయ్యగలిగే స్థితిలో దింపి, తెచ్చి చూపించాలి. అప్పుడే సంతకం.

అన్నీ సరిగ్గా జరిగితే పారాచూట్ కింద సెకనుకి ఐదారు మీటర్ల వేగంతో దిగుతుంది. ఐదడుగుల గోడ మీద నుంచి జారిపడ్డంత. కానీ ఇందులో ఇంకో చిక్కుంది, గాలి. రాకెట్ కిలోమీటరు ఎత్తు వెళ్లిందనుకోండి. పైనే పెద్ద పారాచూట్ తెరిస్తే దిగడానికి మూడు నిమిషాలు. సెకనుకి 5 మీటర్ల గాలి ఉన్నా అది 900 మీటర్ల దూరం కొట్టుకుపోతుంది. చెరువులో పడుతుందో, హైవే మీద పడుతుందో చెప్పలేం.

దీనికి మందు రెండు పారాచూట్లు. శిఖరం దగ్గర చిన్నది తెరుచుకుంటుంది. రాకెట్ సెకనుకి 20 మీటర్లతో గబగబా దిగుతుంది. నేల ఇంకా 150 మీటర్లు ఉందనగా పెద్దది విచ్చుకుంటుంది. మొత్తం 70 సెకన్లలో పని పూర్తి. అదే గాలికి 350 మీటర్లలోపే దొరుకుతుంది.

ఇదంతా చూసుకునేది రాకెట్ నడుములో ఉండే చిన్న ఫ్లైట్ కంప్యూటర్. గాలి పీడనం కొలిచే సెన్సార్, త్వరణం కొలిచే సెన్సార్, ఒక మైక్రోకంట్రోలర్. కోడ్ రాసేవాళ్లకి ఇది తెలిసిన ఆటే: రైలు మీద ఉన్నాం, మండుతున్నాం, ఊపు మీద వెళ్తున్నాం, శిఖరం చేరాం, దిగుతున్నాం, నేల తాకాం. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి ఎప్పుడు మారాలన్నదే అసలు ప్రశ్న. ధ్వని వేగం దగ్గరకి వెళ్లే రాకెట్లలో గాలి పీడనం ఒక్కసారిగా మారి, సెన్సార్‌ని మోసం చేస్తుంది. శిఖరం వచ్చేసిందని నమ్మిన కంప్యూటర్ ఆ వేగంలో పారాచూట్ వదిలితే రాకెట్ చీలికలైపోతుంది. అందుకే కాసేపు పీడనం మాట వినొద్దని కోడ్‌లో ముందే చెప్పి పెడతారు. ఆఫీసులో అప్‌డేట్ బెడిసికొడితే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఆ చాన్స్ లేదు. పెద్ద రాకెట్లలో అందుకే రెండు కంప్యూటర్లు, రెండు బ్యాటరీలు, దేనికదే వేరుగా పెడతారు.

పారాచూట్‌తో ఆకాశం నుంచి సామాన్లు దిగడం మన పల్లెలకి కొత్తేం కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి పంపే భారీ బెలూన్లు 30 కిలోమీటర్ల పైకి వెళ్తాయి. పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ సహా చుట్టుపక్కల జిల్లాల వాళ్లు అవి కనిపిస్తే ముట్టుకోవద్దని, పోలీసులకి చెప్పమని ముందుగానే ప్రకటన ఇస్తారు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో గుండ్రటి క్యాప్సూల్ ఒకటి దిగితే ఊరు ఊరంతా చూడటానికి కదిలింది. ఏలియన్ల వాహనమని కూడా అన్నారు. తీరా చూస్తే స్పెయిన్‌కి చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ బెలూన్ ప్రయోగం అది.

ఎగరేసే రోజు

క్లబ్బు మైదానంలో రాకెట్‌ని నేరుగా రైలు మీదకి తీసుకెళ్లనివ్వరు. ముందు సేఫ్టీ ఆఫీసర్ టేబుల్ దగ్గర ఆపుతారు. రెక్క పట్టుకుని ఊపి చూస్తారు. బరువెంత, బరువు కేంద్రం ఎక్కడ, మోటార్ ఏది, పారాచూట్ ఎప్పుడు తెరుచుకుంటుంది అని అడుగుతారు. జవాబు తడబడితే రాకెట్ ఆ రోజు ఎగరదు.

రైలు మీద నిలబెట్టాక ఫ్లైట్ కంప్యూటర్ ఆన్ చేస్తారు. దాని బీప్‌లు విని, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక చివర్లో ఇగ్నైటర్ పెడతారు. అందరూ వెనక్కి. హెచ్ మోటార్‌కైతే కనీసం 100 అడుగులు, కె అయితే 200, ఎం అయితే 500. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఎగరెయ్యరు. మబ్బుల్లోకి పంపరు. మీట నొక్కినా మోటార్ అంటుకోకపోతే, కరెంటు తీసేసి ఒక నిమిషం పాటు ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. తుస్సుమన్న టపాకాయని వెంటనే వంగి చూసే మనలాంటి వాళ్లకి ఇది గట్టి పాఠం.

ఇంత క్రమశిక్షణ ఉంది కాబట్టే పెద్ద కలలూ నిజమయ్యాయి. 2009 ఏప్రిల్ 25న అమెరికాలోని మేరీల్యాండ్‌లో స్టీవ్ ఈవ్స్ అనే ఆయన చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్‌కి పదో వంతు నమూనా ఎగరేశారు. ఎత్తు 36 అడుగులు, బరువు సుమారు 750 కిలోలు. తొమ్మిది మోటార్లతో 4,400 అడుగుల పైకి వెళ్లి, పారాచూట్ల మీద నిలువుగా దిగింది. ఒక్క మనిషి పట్టుదల అది.

అదే ఏడాది మార్చిలో అక్కడి రాకెట్ సంఘాలు ఇంకో విజయం కూడా చూశాయి. హాబీ మోటార్లలో వాడే ఇంధనాన్ని ప్రభుత్వం పేలుడు పదార్థాల జాబితాలో పెట్టడం మీద 2000లో కోర్టుకెళ్లి, తొమ్మిదేళ్లు పోరాడి గెలిచాయి. అది పేలదు, కాలుతుంది అని కొలతలతో వాదించాయి. ఇన్నేళ్లు భద్రతా నియమాలు పాటించిన చరిత్ర ఉండబట్టే ఆ మాటకి విలువొచ్చింది.

మరి మన చెలకలో?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. అమెరికా భద్రతా నియమావళి ప్రకారం ప్రయోగ స్థలం ఏ వైపు కొలిచినా కనీసం 1500 అడుగులు ఉండాలి. రాకెట్ వెళ్లే ఎత్తులో సగం అంతకంటే ఎక్కువైతే అంత ఉండాలి. 1500 అడుగుల చదరం అంటే మన లెక్కలో 51 ఎకరాలకి పైనే. పత్తి చేలు, వరి మళ్లు, బత్తాయి తోటలు, వాటి మధ్య బోర్లకి వెళ్లే కరెంటు తీగలు ఉన్న నల్గొండలో ఒకేచోట ఖాళీగా 51 ఎకరాలు వెతకండి చూద్దాం. పాలమూరు వైపు ఎండాకాలంలో బీడు భూములు దొరకొచ్చు. కానీ ఆ కాలంలో ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. పైన శంషాబాద్‌కి వచ్చే పోయే విమానాలు సరేసరి.

భూమి దొరికినా చట్టం ఉంది. మన దేశంలో పేలుడు పదార్థాలు తయారుచెయ్యాలన్నా, దగ్గర పెట్టుకోవాలన్నా 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల కింద లైసెన్స్ కావాలి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో అనే ప్రభుత్వ సంస్థ ఈ వ్యవహారాలు చూస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో మోటార్ తెప్పించుకుందామా అంటే, విమానం సామానులో వాటిని అనుమతించరు. వారాంతంలో క్లబ్బుకి వెళ్లి, సర్టిఫికెట్ తీసుకుని, మోటార్ కొనుక్కుని ఎగరేసే ఏర్పాటు మన దగ్గర మామూలు కుర్రాళ్లకి అందుబాటులో లేదు.

ఇక్కడే ప్రమాదం ఉంది. ఫోన్‌లో వీడియో చూసి, ఎరువుల షాపులో ఒకటి, కిరాణా కొట్లో ఇంకోటి కొని, పీవీసీ పైపులో కూరే ఆలోచన రావడం తేలిక. 1957లో అమెరికా పిల్లలు చేసింది అదే. వీడియోలో కనిపించేది బతికి బయటపడ్డ ప్రయోగం మాత్రమే. ఇంధనం కలపడం అనే పనిని పెద్దకందుకూరు లాంటి చోట, శిక్షణ ఉన్నవాళ్లు, దూరదూరంగా కట్టిన షెడ్లలో చేస్తారు. మన డాబా మీద, మన చెల్లి పక్కన నిలబడి చూస్తుండగా చేసే పని కాదది. కేసు సంగతి తర్వాత, ముందు కళ్లూ వేళ్లూ మిగలాలి.

దారి లేదా? ఉంది

ఈ హాబీలో ఇంధనం వాటా చాలా చిన్నదని ఇందాకే చూశాం. ఒకటిన్నర సెకను. మిగతాదంతా ఇప్పుడే, ఇక్కడే నేర్చుకోవచ్చు.

ఓపెన్ రాకెట్‌లో డిజైన్ చెయ్యండి. కూల్‌డ్రింక్ బాటిల్, నీళ్లు, సైకిల్ పంపుతో వాటర్ రాకెట్ కట్టండి. నిలకడ, రెక్కలు, పారాచూట్ పాఠాలన్నీ అందులోనూ ఉన్నాయి. బాటిల్‌లోకి గాలి కొట్టేటప్పుడు మాత్రం దూరంగా నిలబడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. కొన్ని వందల రూపాయల్లో దొరికే పీడనం సెన్సార్‌ని మైక్రోకంట్రోలర్‌కి కలిపి సొంత ఫ్లైట్ కంప్యూటర్ రాయండి. దాన్ని జేబులో పెట్టుకుని అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైకీ కిందకీ తిరిగితే చాలు, శిఖరం ఎప్పుడొచ్చిందో మీ కోడ్ పట్టుకుందో లేదో తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్ కాలేజీలో ఉంటే ఇంకో మెట్టు ఉంది. అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు వాళ్లని అనుమతించడానికి కేంద్రం 2020లో ఇన్‌స్పేస్ అనే సంస్థ పెట్టింది. విద్యార్థుల కోసం మోడల్ రాకెట్, క్యాన్‌శాట్ పోటీలు కూడా అది ముందుండి నడిపిస్తోంది. 2025 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో దేశం నలుమూలల నుంచి వచ్చిన కాలేజీ జట్లు తాము కట్టిన రాకెట్లని అనుమతులతో, నిపుణుల కళ్ల ముందు ఎగరేశాయి. కుషీనగర్ కూడా మనలాంటి వ్యవసాయ జిల్లానే. అక్కడ మైదానం, అనుమతి, మోటార్, అంబులెన్స్ అన్నీ ఒకరు ఏర్పాటుచేశారు కాబట్టి కుర్రాళ్లు రాకెట్ మీద దృష్టి పెట్టగలిగారు.

పెద్ద కల కావాలంటే హైదరాబాద్‌లోనే ఉంది. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో స్కైరూట్ మొదలుపెట్టారు. 2022 నవంబర్ 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ కట్టిన రాకెట్ అలా వెళ్లడం అదే మొదటిసారి. ఎత్తు 6 మీటర్లు, బరువు 545 కిలోలు, ఒకే ఒక్క ఘన ఇంధన మోటార్. బరువులో చూస్తే స్టీవ్ ఈవ్స్ హాబీ రాకెట్ కంటే తక్కువే! కాకపోతే విక్రమ్-ఎస్ పడటానికి బంగాళాఖాతం ఉంది. నల్గొండకి సముద్రం లేదు.

సముద్రం లేకపోయినా, ఇంధనం తయారుచేసే చెయ్యి మన జిల్లాలో ఉంది. రాకెట్ కంపెనీ గంటన్నర దూరంలో ఉంది. కోడ్ రాసే కుర్రాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. లేనిది ఏడాదికి రెండు రోజులైనా అనుమతితో తెరిచే ఒక మైదానం, అక్కడ రెక్క పట్టుకుని ఊపి చూసే ఒక సేఫ్టీ ఆఫీసర్. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌లలోని యూనివర్సిటీలు, ఇంజినీరింగ్ కాలేజీలు కలిసి ఇన్‌స్పేస్‌ని, జిల్లా కలెక్టర్‌ని అడగాల్సిన విషయం ఇది. కాలేజీ ఫెస్ట్‌కి డీజే అడిగినంత గట్టిగా అడిగితే ఎందుకు రాదు?

అప్పటిదాకా లిఫ్టులో టెస్టింగ్ కానివ్వండి. మైదానం దొరికిన రోజుకి మీ పారాచూట్ కోడ్ రెడీగా ఉండాలి.